గోడ ఎడమ చెయ్యి

మా ఆయన ఉద్యోగం తన్నులు తినడం. నవ్వకండి, ఒట్టు, అదే ఉద్యోగం. బస్సుల షెడ్డు వెనకాల బాక్సింగు నేర్పే హాలు ఒకటుంది. పైన రేకులు, లోపల చెమట కంపు, మధ్యలో తాళ్ళు కట్టిన రింగు. పోటీలకి పోయేవాళ్ళు ముందు రోజూ ఎవడో ఒకణ్ణి కొట్టి చెయ్యి సాపు చేసుకోవాలి కదా, ఆ ఎవడో ఒకడు మా ఆయన. కప్పులు వాళ్ళవి, కట్లు మా ఆయనవి. ఎంత కొట్టినా పడడని గోడ అని పేరు పెట్టారు. నేనూ అట్లాగే పిలుస్తాను. గోడకి చెప్పినా ఒకటే, నీకు చెప్పినా ఒకటే అని తిట్టడానికి నాకున్నంత హక్కు ఇంకే పెళ్ళానికీ లేదు.

నాదేమన్నా పూలు కట్టే పనా? కోళ్ళ షాపులో కత్తి పని. పొద్దున షట్టరు లేపిన దగ్గర్నుంచి మెడ కొయ్యడం, డ్రమ్ములో పడెయ్యడం, కొట్టుకోవడం ఆగాక తీసి తోలు ఒలవడం, కీలు చూసి ముక్క కొట్టడం. మా పరిచయం కూడా అక్కడే అయింది. ఒక మధ్యాహ్నం ఎవడో మనిషి పగిలిన మూతితో, గుప్పిట్లో ఊడిన పన్నుతో వచ్చి, “కొంచెం ఐసు ఇస్తారా అండీ” అన్నాడు. “ఎవడయ్యా నిన్నిట్లా కొట్టింది? వాడి చెయ్యి విరిగిపోను!” అన్నాను. “అట్లా అనకండి, చాలా బాగా కొట్టాడు” అని రక్తం కారే పళ్ళతోనే నవ్వాడు. ఇట్లాంటి మనిషిని ఒంటరిగా వదిలేస్తే చచ్చూరుకుంటాడని నేనే చేసుకున్నాను.

ఆ హాల్లో పిడుగు అని ఒకడున్నాడు, హాలు నడిపే మాస్టారి ముద్దుబిడ్డ. వాడు కుడిచేత్తో గుద్దితే ఇసక సంచి కుట్లు ఊడిపోతాయి. ఆ గుద్దు నేర్పింది మాస్టారైతే, నేర్చుకోవడానికి చెంప ఇచ్చింది మా ఆయన. ఒకరోజు ఆ గుద్దు చెంప మీద పడాల్సింది ఎడమ కంటి మీద పడింది. పడడని పేరున్న మనిషి మొదటిసారి పడ్డాడు. పడేటప్పుడు కుడిచెయ్యి ఒంటి కింద నలిగి రెండు వేళ్ళు విరిగాయి. నేను ఆసుపత్రికి పరిగెత్తేసరికి మొహం సగం ఉబ్బిపోయి, కన్ను ఉండాల్సిన చోట ఒక గీత ఉంది. నన్ను చూసి, “అన్నం తిన్నావా?” అన్నాడు. లాగి ఒకటిద్దామంటే కొట్టడానికి ఎక్కడా ఖాళీ లేదు.

కళ్ళ డాక్టరమ్మ మంచిదే. లోపల పొర ఊడితే అతికించింది. తలలో కూడా వాపుందని చెప్పింది. ఇక తలకి దెబ్బ తగలకూడదంది.

“తగిలితే ఏమవుతుందండీ?” అన్నాడు మా ఆయన.

“ఏమీ కాకపోవచ్చు. కన్ను పోవచ్చు. రెండో కంటికి కూడా రావచ్చు. ప్రాణానికే రావచ్చు. చెప్పలేం.”

“దెబ్బ తగలకుండా జాగ్రత్తగా ఉంటే?”

“అప్పుడు కూడా అంతే. బాగుండాలనే కోరుకుందాం. గట్టిగా చెప్పలేం.”

ఆటోలో దారంతా ఆ ఒక్క ముక్కే నమిలాడు. “చెప్పలేం అంటుందేంటే? ఎదుటోడి భుజం చూసి గుద్దు ఎటు నుంచి వస్తుందో నేను చెప్తాను. అంత చదివింది, చెప్పలేదా?” నేను మాత్రం ఒకటే చెప్పాను: ఇంక ఆ హాలు గడప తొక్కితే నా గడప తొక్కొద్దని. ఊఁ కొట్టాడు. గోడ కొట్టే ఊఁకి అర్థం ఏముంటుంది చెప్పండి.

వేళ్ళు మళ్ళీ ఆడాలని, ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఆమె సాగే మట్టిముద్ద ఒకటి ఇచ్చి రోజూ పిసకమంది. పరిగెత్తొద్దు, వంగొద్దు, బరువు ఎత్తొద్దు అని డాక్టరమ్మ చెప్పిన మనిషికి ఇంట్లో మిగిలిన పని అదే. నాలుగు రోజులు పిసికాడు. తర్వాత చూస్తే ఆ ముద్దకి ముక్కొచ్చింది. విరిగిన ముక్కు. ఆనక కాళ్ళొచ్చాయి, చేతులకి ఎర్ర దారం చుట్టిన గ్లవ్సు వచ్చాయి. “ఏంటయ్యా ఇది, పిల్లాటలు?” అంటే, “సినిమా” అన్నాడు. నవ్వు ఆపుకోలేక నాకు పొరబోయింది.

నవ్వులాట కాదని తర్వాత తెలిసింది. మట్టిముద్దలు ఇంకా తెచ్చాడు. ఫోన్లో ఫోటోలు వరసగా అతికిస్తే బొమ్మ కదిలేట్టు చేసేది ఏదో పట్టుకున్నాడు. బొమ్మని గోరంత జరపాలి, చెయ్యి తీసెయ్యాలి, ఫోటో కొట్టాలి. మళ్ళీ గోరంత, మళ్ళీ ఫోటో. పొద్దంతా కూర్చుని చేస్తే ఒక గుద్దు అవుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క బల్లా రింగు అయిపోయింది. దీపం జరపకూడదు, కిటికీ తియ్యకూడదు, మేమిద్దరం కింద కూర్చుని తినాలి. ఒకసారి నా నడుం బల్లకి తగిలి రింగు పక్కకి జరిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి నా మీద అరిచాడు. “నీ బల్ల తగలెయ్యా, నా నడుం ఎక్కడ పెట్టుకోమంటావ్, నెత్తి మీదా?” అని నేను రెండింతలు అరిచాను. అరిచాడే అని లోపల సంతోషం కూడా వేసింది, అబద్ధం ఎందుకు.

ఇంకోరోజు పెరుగు కోసం ఫ్రిజ్జు తీశాను. గుడ్లు పెట్టే గుంటల్లో వరసగా తలకాయలు! దీపం వేడికి మెత్తబడతాయని అక్కడ పెట్టాడంట. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదానికి పెదవి చిట్లింది. అట్లా పోగా పోగా చివరిదానికి దవడ వేలాడుతోంది, బియ్యపు గింజలతో పెట్టిన పళ్ళు సగం లేవు, కన్ను గుంటలోంచి ఎర్ర దారం జారుతోంది. రోజూ వందల మెడలు కోసే దాన్ని, నేనే ఫ్రిజ్జు తలుపు వేసేశాను. “గుడ్లెక్కడ పెట్టావయ్యా?” అని మాత్రం అడిగాను.

“నువ్వు సరే, ఎదురుగా ఉన్న వాడెవడు? వాడికి మొహం లేదేంటి?” అన్నాను ఒక సాయంత్రం. రెండో బొమ్మ ఇంతెత్తు మనిషి. మెడ మీద ఉత్త ఉండ.

“వాడా? రేపు” అన్నాడు.

“రేపు ఏంటి?”

“రేపేనే. డాక్టరమ్మ చెప్పలేం అన్నది వీడి గురించే. మొహం పెడదామని చూస్తున్నా, ఏ మొహం పెట్టినా అబద్ధం అనిపిస్తోంది. వాడి భుజం చూసినా ఏమీ తెలియట్లేదు.”

అయినంత వరకూ అతికించి నాకు చూపించాడు. నిమిషం కూడా లేదు. కానీ ఏం కొట్టుడండీ అది! మొహం లేనోడు మావాణ్ణి పొట్టలో పొడుస్తాడు, మావాడు వంగుతాడు. గడ్డం కింద ఎత్తి కొడతాడు, పళ్ళు ఎగిరి తాళ్ళ అవతల పడతాయి. మోచేత్తో ముక్కు అణగదొక్కుతాడు. చెవి తెగి వేలాడుతుంది. మట్టే కదా అనుకుంటే అనుకోలేకపోయాను. పక్కన కూర్చున్న మనిషి మొహం మీద అవే మచ్చలు వరసగా ఉన్నాయి మరి. “ఒక్కటన్నా తిరిగి కొట్టవయ్యా!” అన్నాను, ఏదో నిజం పోటీ చూస్తున్నట్టు.

మళ్ళీ పెట్టించుకుని చూశాను. మూడోసారి నా కంట్లో ఒకటి పడింది. కీళ్ళ పని చేసే దాన్ని, భుజం ఎట్లా కదులుతుందో నాకు తెలుసు.

“ఏమయ్యా, దెబ్బ పడే ముందు ప్రతిసారీ వీడు ఎడమ చెయ్యి దించుతున్నాడేంటి?”

“దించట్లేదే.”

“నీ మొహం! చూడు, అదిగో. ఇదిగో మళ్ళీ దించాడు. కొట్టమని చెంప తెరిచి ఇస్తున్నాడు.”

ఒక్కో ఫోటో తిప్పి చూశాడు. గోరంత గోరంత తన చేత్తో తనే జరిపిన బొమ్మ, తనకే తెలియకుండా చెయ్యి దించుతోంది. “నేనట్లా పెట్టలేదే” అన్నాడు. “అయితే నేను పెట్టానా, పిల్లి పెట్టిందా?” అని నా చేతిలో గరిటె ఎత్తాను, ఊరికే, బెదిరింపుకి. అంతే! మా ఆయన ఎడమ చెయ్యి తొడ మీదకి జారిపోయింది. గడ్డం కొంచెం పైకి లేచింది. కళ్ళు నన్ను చూడట్లేదు. నేను గరిటె పడేసి కింద కూర్చుండిపోయాను.

అప్పుడు చెప్పాడు, అంతకుముందు ఎన్నడూ చెప్పంది. వాళ్ళ నాన్న లారీ క్లీనరు. నడుం నుంచి తోలు పటకా తీసి కొట్టేవాడంట. చెయ్యి అడ్డం పెడితే, నాకే అడ్డం పెడతావా అని ఇంకా కొట్టేవాడు. ఎప్పుడు కొడతాడో తెలియక మంచం కింద దాక్కుని వణకడం కంటే, ఎదురుగా పోయి చెయ్యి దించేస్తే నయమని మా ఆయన కనిపెట్టాడు. “కొట్టించుకుంటే తొందరగా అయిపోతుందే” అన్నాడు, ఏదో వంట చిట్కా చెప్పినంత మామూలుగా. ఆ ముసలోడు ఎప్పుడో చచ్చాడు, లేకపోతే నా షాపు కత్తికి పని పడేది. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను.

మాస్టారు వచ్చింది ఆ వారంలోనే. చొక్కా ఇస్త్రీ, మాట తేనె.

“చెల్లెమ్మా, పిడుగు పెద్ద పోటీకి పోతున్నాడు. వేరేవాళ్ళని కొడుతుంటే వాడి గుద్దు కుదరట్లేదు. గోడ ఒక్కరోజు నిలబడితే చాలు. మెత్తటి గ్లవ్సు, తలకి దూది పెట్టిన కట్టు, మెల్లగానే కొడతాడు.”

“మెల్లగా కొట్టే గుద్దైతే మీరు నిలబడండి మాస్టారూ. మీకూ తలకాయ ఉంది కదా, వాడకం లేదు కాబట్టి కొత్తగానే ఉంటుంది.”

“అబ్బే, ఈ పని అందరికీ రాదమ్మా.”

“గడప దాటతారా, షాపు నుంచి కత్తి తెచ్చుకోమంటారా?” అన్నాను. దాటాడు. మా ఆయన ముఖం లేనోడి మెడ సరిచేస్తూ కూర్చున్నాడు. “పోనని నా మీద ఒట్టెయ్యి” అన్నాను. “గోడ ఎక్కడన్నా ఒట్టేస్తుందా?” అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నచ్చలేదు కానీ పొద్దున షాపు తెరవాలి కదా, పోయాను.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే తలుపు దగ్గరగా వేసి ఉంది. దీపం వెలుగుతోంది. బల్ల మీద ముఖం లేనోడి కుడిచెయ్యి ఎత్తి ఉంది. మావాడి ఎడమ చెయ్యి సగంలో ఆగి ఉంది, దించుతున్నాడో ఎత్తుతున్నాడో తెలియట్లేదు. మేకుకి వేలాడే గ్లవ్సు సంచి లేదు. ఆ పిచ్చిమనిషి పిడుగు కోసం పోలేదు, మాస్టారి కోసం పోలేదు. ఆ చెప్పలేం అన్నదాన్ని మంచం కింద దాక్కుని మొయ్యలేక, తాడో పేడో తేల్చుకుందామని ఎదురు పోయాడు.

రక్తం మరకల ఏప్రన్ తోనే పరిగెత్తాను. రోడ్డు మీద జనం వాళ్ళంతట వాళ్ళే పక్కకి తప్పుకున్నారు. షెడ్డు దాటుతుంటేనే చప్పుడు వినబడింది. తోలు మీద తోలు పడే చప్పుడు నాకు తెలుసు. ఒంటి మీద పడితే వేరేగా ఉంటుంది, తడిగా.

రింగులో పిడుగు కొడుతున్నాడు. మెల్లగా ఏమీ కాదు. పక్కటెముకల మీద ఒకటి, మళ్ళీ అక్కడే ఇంకోటి. మా ఆయన వంగాడు. కింద నుంచి లేచిన గుద్దుకి తలకట్టు పక్కకి తిరిగి ఒక కన్ను మూసేసింది. నోట్లోంచి ఎర్రగా తీగ సాగింది. “ఆపండ్రా, సచ్చినోళ్ళారా!” అని అరిచాను. పిడుగు నిజంగానే ఆగాడు. “అన్నా, చాలన్నా” అన్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. “కొట్టరా, ఇంకొక్కటి” అన్నాడు. తాళ్ళ అవతల నుంచి మాస్టారు, “కుడిచెయ్యి! భుజం తిప్పి!” అన్నాడు. పిడుగు భుజం తిరిగింది. మా ఆయనకి అది ఎటు వస్తుందో తెలుసు, ప్రపంచంలో ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుసు. “ఎడమ చెయ్యి!” అని నా గొంతు చీలిపోయేట్టు అరిచాను. ఎడమ చెయ్యి తొడ మీదకి జారింది. గడ్డం లేచింది.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తల వెనక్కి పోయింది, మోకాళ్ళు రెండూ ఒకేసారి విరిగినట్టు మడతపడ్డాయి, మొహం నేరుగా నేలకి కొట్టుకుంది. ఎడమ చెవిలోంచి రక్తం వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదేదో చిన్న మాట.

నేను తాళ్ళ కింద నుంచి దూరాను. మూల ఉమ్ము బకెట్టు ఉంది, ఇనుముది. ఎత్తి, లోపలికి దూరుతున్న మాస్టారి చెవి మీద కొట్టాను. ఇస్త్రీ చొక్కా నిండా ఉమ్మీ, నెత్తురూ. లేవబోతే మళ్ళీ కొట్టాను. ఈసారి పన్ను ఊడిన చప్పుడు వినబడింది, మూడోది కూడా కొడదామంటే బకెట్టు కాడ ఊడి చేతిలోకొచ్చింది. పిడుగు నన్ను ఆపలేదు. మా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. “వదినా, గుద్దు వచ్చేస్తుంటే చెయ్యి అడ్డం పెడతాడనుకున్నా వదినా” అంటున్నాడు.

మా ఆయన ఒక కన్ను తెరిచాడు. నా కోసం గాల్లో వెతికాడు. “అయిపోయింది కదే?” అన్నాడు. ఆ మొహంలో ఎంత తేలిక! నాకు ఆ మనిషిని చంపెయ్యాలనిపించింది, కౌగిలించుకోవాలనిపించింది, రెండూ.

ఏం అయిపోయింది, నా బొంద! ప్రాణం దక్కింది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడికంటికి వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి ఆకారం మసగ్గా తెలుస్తుంది. “ఈ కన్ను ఇట్లాగే ఉంటుందా, మెరుగవుతుందా, ఇదీ పోతుందా?” అని అడిగితే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని అదే మాట అంది. చెప్పలేం. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. పిడుగు ఆ పోటీ గెలిచాడంట, తర్వాత హాలు మానేశాడంట. గెలవనీ, మాననీ, నాకేంటి.

ఇంటికొచ్చాక మా ఆయన మాట్లాడటం మానేశాడు. మంచం మీద గోడకి తిరిగి పడుకునేవాడు, గోడకి గోడే తోడు. నేను అన్నం పెట్టడానికి పోయినా, మొహం తుడవడానికి పోయినా, చెయ్యి దగ్గరికొస్తోందని తెలిస్తే చాలు, ఎడమ చెయ్యి జారిపోయేది. ప్రతిసారీ నా గుండెల్లో కత్తి దిగేది. బల్ల మీద బొమ్మలు అట్లాగే ఉన్నాయి, దుమ్ము పట్టి, ఒకడి చెయ్యి ఎత్తి, ఒకడి చెయ్యి సగంలో.

ఒక ఆదివారం నాకు ఒళ్ళు మండింది. దుమ్ము ఊది, దీపం వేసి, బల్ల ముందు కూర్చున్నాను.

“ఏం చేస్తున్నావ్?” అన్నాడు మంచం మీద నుంచి. చాలా రోజులకి విన్న మాట.

“నీ సినిమా. ఇల్లంతా ఆక్రమించి కూర్చుంటే ఊరుకుంటానా? ముందు ఈ మొహం లేనోడి మెడ పీకేస్తున్నా. ఒక్క వేటు చాలు.”

“వద్దొద్దు!” అని లేచి కూర్చున్నాడు. “వాడు చస్తే సినిమా అబద్ధమైపోతుంది. రేపు చస్తుందేంటే ఎక్కడన్నా?”

“అయితే చెప్పు, ఎట్లా చెయ్యాలో.”

“గోరంత జరుపు. చెయ్యి తీసెయ్. నీడ పడకుండా చూసుకో. ఫోటో కొట్టు.”

గోరంత! ఒక్క దెబ్బకి రెండు ముక్కలు చేసే చెయ్యి నాది. మొదటిసారి మావాడి చెయ్యి ఊడొచ్చింది. అతికించాను. రెండోసారి వాడి పాదం తొక్కినట్టు నలిపేశాను. నా తిట్లు విని మా ఆయన ముసిముసిగా నవ్వడం వినబడింది. రోజూ షాపు నుంచి వచ్చి కొంచెం, కొంచెం. ఎత్తిన కుడిచెయ్యిని కిందకి తెచ్చాను. సగంలో ఆగిన ఎడమ చెయ్యిని పైకి తెచ్చాను.

“దించావా?” అన్నాడు.

“ఎత్తాను.”

“తప్పు. వాడు దించుతాడు. నాకు తెలుసు.”

“ఇప్పుడు తీసేది నేను. నోరు మూసుకో.”

మూసుకున్నాడు. మొహం లేనోడి గుద్దు మావాడి గ్లవ్సు మీద పడింది. ఇంకోటి పడింది. మావాడి మోకాలు వంగింది, తల ఊగింది, చెయ్యి చెంప దగ్గరే ఉంది. మళ్ళీ కొడతాడు, మళ్ళీ ఆపుతాడు. ఎన్ని వారాలు చేశానో ఆ నాలుగు దెబ్బలు! గెలిపించలేదు, ఓడించలేదు. వాడు కొట్టడానికి మళ్ళీ చెయ్యి ఎత్తుతాడు, మావాడు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంటాడు, అక్కడితో సరి. మట్టి కూడా అయిపోయింది.

చూపించలేను కదా, పక్కన కూర్చుని ఒక్కో దెబ్బా చెప్పాను. కుడికన్ను ఫోన్ కి ఆనించి ఆ వెలుగులో ఊగే నీడలు చూశాడు.

“తర్వాత ఏమవుతుంది?” అన్నాడు.

“నాకేం తెలుసయ్యా! చెయ్యి అయితే దించలేదు.”

ఊఁ అన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టాను.

మర్నాడు పొద్దున మామూలుగానే గిన్నెలో నీళ్ళూ గుడ్డా పట్టుకుని మంచం దగ్గరికి పోయాను. షాపుకి ఆలస్యమైపోతోందని తొందరలో, పిలవకుండా, ఎడమ పక్క నుంచి, బొత్తిగా ఏమీ కనబడని పక్క నుంచి చెయ్యి చాపాను. తడిగుడ్డ చెంపకి తగలబోయింది.

ఠప్పున ఎడమ చెయ్యి లేచింది. నా మణికట్టుకి అడ్డం పడింది. గిన్నె ఎగిరి నీళ్ళు పరుపంతా పడ్డాయి. పిడికిలి బిగించి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, అచ్చం నేను మట్టితో పెట్టినట్టే పెట్టాడు.

“నేనేనయ్యా, మొహం తుడవడానికి” అన్నాను.

“తెలుసు” అన్నాడు. చెయ్యి మాత్రం దించలేదు.